కాపలా గదిలో సైనికులు: 17వ శతాబ్దపు చిత్రాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఈమధ్య ఒక పాత డచ్చి చిత్రం నకలు చూశాను. మసక వెలుతురు గదిలో నలుగురైదుగురు సైనికులు ఒక పీపా చుట్టూ చేరి పేకాడుతున్నారు. ఒకడు గోడకు జారగిలబడి నిద్రపోతున్నాడు. మూలన తుపాకులు, డోలు, కవచం పడి ఉన్నాయి. దేశం యుద్ధంలో ఉన్న కాలంలో వేసిన చిత్రంలో యుద్ధం ఎందుకు లేదు? ఇలాంటి వాటిని ఎవరు వేశారు, ఎవరు కొన్నారు?

జవాబు: మీరు చూసినది కాపలా గది చిత్రం. డచ్చివారు ఈ తరహాను ‘కోర్టెగార్డ్’ అనేవారు. 1620ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ కొడ్డె, విల్లెం డౌస్టర్, సిమొన్ కిక్, ఉట్రెక్ట్‌లో యాకొబ్ డుక్, డెల్ఫ్ట్‌లో అంథొని పాలమెడెస్ వంటివారు వీటిని వేశారు.

యుద్ధం ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం ఆ యుద్ధం నడిచిన తీరులోనే ఉంది. స్పెయిన్ రాజుపై డచ్చివారి తిరుగుబాటుగా 1568లో మొదలైన ఎనభై ఏళ్ల యుద్ధం, 1609లో కుదిరిన పన్నెండేళ్ల సంధి 1621లో ముగియగానే తిరిగి రాజుకుంది. అయితే రెండు సేనలు మైదానంలో ఎదురుపడి ఒక్క పూటలో తేల్చుకున్న సందర్భాలు అందులో చాలా తక్కువ. బురుజులు, నీటి కందకాలు ఉన్న పట్టణాలను చుట్టుముట్టి, లోపలి తిండిగింజలు అయిపోయేదాకా బయట కాచుకొని కూర్చోవడమే అప్పటి ప్రధానమైన యుద్ధరీతి. స్పెయిన్ సేనాని స్పినోలా బ్రెడా పట్టణాన్ని 1624 ఆగస్టులో ముట్టడించగా అది 1625 జూన్‌లో గాని లొంగలేదు. దాదాపు పదేళ్ల తర్వాత స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ ఆ లొంగుబాటును, పట్టణపు తాళపుచెవిని గెలిచినవాడి చేతికి అందించే ఆ ఒక్క క్షణాన్ని, ఒక మహాచిత్రంగా మలిచాడు. ఆ క్షణానికి ముందు పది నెలలు గడిచాయి. ఆ పది నెలల్లో ఇరువైపులా వేలమంది మనుషులు తిన్నారు, నిద్రపోయారు, కాపలా కాశారు, జూదమాడారు, జబ్బుపడ్డారు. సైనికుడి రోజుల్లో ఎక్కువ భాగం అదే. కాపలా గది చిత్రకారులు వదిలేసినది యుద్ధాన్ని కాదని, యుద్ధంలో అందరికంటే ఎక్కువగా సైనికుడికే తెలిసిన భాగాన్ని వారు పట్టుకున్నారని నా నమ్మకం.

ఇక కొన్నవారి సంగతి. స్పెయిన్‌పై తిరగబడిన రాష్ట్రాల కూటమి అయిన డచ్చి గణతంత్రపు సైన్యంలో అధిక భాగం కిరాయి సైనికులు. ఇంగ్లీషువారు, స్కాట్లండువారు, జర్మన్లు, ఫ్రెంచివారు ఎందరో అందులో ఉండేవారు. చలికాలం రాగానే దండు కదలికలు ఆగిపోయి, సైనికులు సరిహద్దు పట్టణాల్లో విడిది చేసేవారు. వారి జీతాలకు డబ్బు ఎక్కువగా పన్నుల నుంచి వచ్చేది. గణతంత్రపు ఉమ్మడి ఖర్చులో దాదాపు 58 శాతం హాలండ్ రాష్ట్రం వాటాయే. ప్రజలు నిత్యం కొనే సరుకుల మీదే ఆ సుంకాలు పడేవి. అంటే ఈ చిత్రాలను కొని గోడకు తగిలించుకున్న పట్టణవాసి, అందులో కనిపించే మనుషుల జీతంలో కొంత తన చేతి నుంచి ఇచ్చినవాడు. వారు కాపలా కాస్తున్నందువల్లనే తన వ్యాపారం సాగుతున్నదని అతడికి తెలుసు. అదే సమయంలో కత్తి పట్టుకొని ఊరికే కూర్చున్న పరాయి దేశస్థుడంటే అతడికి భయం కూడా ఉంది. ఈ చిత్రాల్లో సైనికులు ఒకేసారి ఆకర్షణీయంగానూ నమ్మరానివారుగానూ కనిపించడానికి కారణం ఈ సంబంధమే. వాటిని కేవలం సోమరితనం మీద విసిరిన నీతిపాఠాలుగా చదివే పద్ధతి ఒకటి ఉంది. కాపలా కాయవలసినవాడు నిద్రపోవడం, జూదమాడడం తప్పేనన్న మందలింపు వాటిలో నిస్సందేహంగా ఉంది. అయితే మందలింపు ఒక్కటే ఉద్దేశమైతే, ఆ నిద్రపోతున్నవాడి తోలు అంగీ మడతల మీద, బూటు మీద అంత ప్రేమతో కుంచె నడిపించవలసిన పని లేదు.

ప్రశ్న: ఈ చిత్రాలను 17వ శతాబ్దపు యూరప్ కళారీతి అయిన బరోక్‌లో భాగంగా ఎందుకు చెబుతారు? బరోక్ అంటే ఆడంబరం, చర్చి పైకప్పుల మీద ఎగిరే దేవదూతలు గుర్తుకొస్తారు గాని పేకాట గుర్తుకురాదు.

జవాబు: పేకాటే గుర్తుకురావాలి. రోములో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1594 ప్రాంతంలో వేసిన పేకాట మోసగాళ్ల చిత్రం ఈ కథకు ఒక మొదలు. అమాయకుడైన కుర్రవాడు తన ముక్కలు చూసుకుంటుంటే, వెనుక నిలబడినవాడు వేళ్లతో సైగ చేస్తున్నాడు. ఎదుటివాడు నడుము వెనుక దాచిన ముక్కను లాగుతున్నాడు. మామూలు మనుషులు, చూసేవారికి బాగా దగ్గరగా, ఒక పక్క నుంచి పడే గట్టి వెలుగులో కనిపించడం అక్కడి నుంచి యూరప్ అంతటా పాకింది. ఫ్రాన్సు నుంచి రోముకు వచ్చిన వాలెంటిన్ ద బులోన్య ఇదే విషయాన్ని పూర్తిగా సైనికుల లోకంలోకి తెచ్చాడు. పాచికలు, పేకలు ఆడే సైనికుల చిత్రం ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రశాలలో ఉంది. ఇటలీలో కొన్నేళ్లు ఉండి ఉట్రెక్ట్‌కు తిరిగివచ్చిన హెండ్రిక్ టెర్ బ్రుఖెన్ 1623లో జూదరుల చిత్రం వేశాడు. అందులో పాచికల దగ్గర ముసలి సైనికుడు, పడుచు సైనికుడు తగవుపడుతుంటారు.

ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారులు ఈ వెలుగునీడల పద్ధతిని తీసుకొని రెండు మార్పులు చేశారు. నిండుగా కనిపించే పెద్ద ఆకారాలను చిన్నవి చేసి ఒక గదిలో నిలబెట్టారు. గట్టి వెలుగును మెత్తబరిచి, గోడను దాదాపు ఖాళీగా, గోధుమరంగు, బూడిదరంగు మధ్య వదిలేశారు. ఆ ఖాళీ గోడ వల్లనే మనుషుల మధ్య దూరం, మాటలు లేని విసుగు మనకు అందుతాయి.

ప్రశ్న: చిత్రంలో ఉన్న వస్తువుల అర్థం తెలియక సగం కథ పోతున్నదేమోనని అనిపిస్తుంది. సైనికుల ఒంటి మీద, నేల మీద ఉన్న సామగ్రిని ఎలా గుర్తించాలి? యూనిఫాం లేకుండా ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఎందుకున్నారు?

జవాబు: అప్పటికి అందరికీ ఒకే రకమైన యూనిఫాం ఉండే అలవాటు స్థిరపడలేదు. ఎవరు ఎటువైపువారో తెలియడానికి భుజం మీదుగా ఏటవాలుగానో నడుము చుట్టూనో రంగు పట్టీ కట్టుకునేవారు. గణతంత్రపు సేనకు నారింజ రంగు, స్పెయిన్ పక్షానికి ఎరుపు అన్నది స్థూలంగా వాడుక. చిత్రకారులు మాత్రం పట్టీ రంగును చిత్రంలోని రంగుల పొందికను బట్టి కూడా మార్చేవారు. నీలిరంగు పట్టీలు తరచుగా కనిపిస్తాయి కాబట్టి పట్టీ ఒక్కదాన్నే చూసి పక్షం తేల్చకూడదు.

లేత పసుపు రంగులో మందంగా కనిపించే అంగీ, పశువు తోలును నూనెతో పదును చేసి కుట్టినది. పక్కనుంచి తగిలే కత్తి దెబ్బను అది కొంత ఆపుతుంది. మెడ చుట్టూ ఉన్న ఇనుప పట్టెడ చాలాసార్లు అధికారికి గుర్తు. తుపాకుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. అవి వత్తి తుపాకులు. రసాయనంలో నానబెట్టి ఆరబెట్టిన తాడు నిదానంగా, మంట లేకుండా కాలుతూ ఉంటుంది. మీట నొక్కితే ఆ నిప్పు కొస తుపాకీమందు మీదికి వంగుతుంది. కాపలాలో ఉన్నవాడు ఆ వత్తిని ఆరిపోకుండా చూసుకోవాలి. వీటిలో బరువైన రకం మస్కెట్టు; దానికి కింద ఆనింపుగా చీలిక కొస ఉన్న కర్ర ఉండేది. చిత్రాల్లో గోడకు ఆనించి కనిపించే పంగల కర్ర అదే. భుజం మీది తోలు పట్టీకి వేలాడే చిన్న చిన్న చెక్క బుడ్లలో ఒక్కో కాల్పుకు సరిపడా మందు ముందే కొలిచి పోసి ఉంటుంది.

వీటిని చూస్తున్నప్పుడు మరొక పుస్తకాన్ని కూడా మనసులో ఉంచుకోవడం మంచిది. యాకొబ్ డ ఖెయ్న్ గీసిన ఆయుధ శిక్షణ బొమ్మల పుస్తకం 1607లో అచ్చయింది. తేలిక తుపాకీకి 42, మస్కెట్టుకు 43, ఈటెకు 32 భంగిమలు, మొత్తం 117 బొమ్మలు అందులో ఉన్నాయి. వత్తిని ఏ వేళ్ల మధ్య పట్టుకోవాలి, ఎప్పుడు ఊదాలి, ఏ కాలు ముందుకు వేయాలి అన్నదంతా క్రమంగా చూపిన పుస్తకం అది. డచ్చి సేనను నడిపిన నసౌ వంశపు సేనానులు సైనికుడి ప్రతి కదలికనూ ఆజ్ఞకు లోబరచాలని పూనుకున్న కాలం అది. ఆ బొమ్మలను ఒకసారి చూసి మళ్లీ డుక్ చిత్రం దగ్గరకు రండి. అదే మస్కెట్టు, అదే పంగల కర్ర, అదే తోలు పట్టీ నేల మీద చెల్లాచెదరుగా ఉంటాయి. వాటిని పట్టవలసిన చేతులు పేకముక్కలు పట్టుకొని ఉంటాయి. ఆనాటి సైన్యం గొప్పగా చెప్పుకున్న క్రమశిక్షణ తెలిసిన కొనుగోలుదారుకు ఈ గదిలోని అలసత్వం మనకంటే చాలా బలంగా తగిలి ఉండాలి.

డోలు, బాకా కూడా ఊరికే పెట్టినవి కావు. డోలు కాల్బలానికి, బాకా గుర్రపు దండుకు ఆజ్ఞలు అందించేవి. బాకా ఊదేవాడు శత్రుశిబిరానికి కబురు మోసే దూత కూడా. మౌనంగా పక్కకు ఒరిగిన డోలు అంటే ఆజ్ఞ ఇంకా రాలేదని అర్థం; తలుపు దగ్గర బాకాతో నిలబడినవాడు కనిపిస్తే ఈ విశ్రాంతి ముగియబోతున్నదని అర్థం.

ప్రశ్న: రెంబ్రాంట్ వేసిన ప్రసిద్ధ చిత్రం ‘నైట్ వాచ్’ ఈ కోవకు చెందినదేనా?

జవాబు: కాదు. 1642 నాటి ఆ చిత్రంలో ఉన్నవారు ఆమ్‌స్టర్‌డామ్ పౌరరక్షక దళానికి చెందిన సంపన్న పౌరులు. కెప్టెన్ ఫ్రాన్స్ బానింక్ కొక్, అతడి దళ సభ్యులు తమ సమావేశ భవనం కోసం డబ్బు చెల్లించి వేయించుకున్న సామూహిక ముఖచిత్రం అది. ఎవరు ఎవరో పేర్లతో సహా తెలుసు. కాపలా గదుల్లోని మనుషులకు పేర్లు లేవు. అవి ఇంటి గోడకు సరిపోయే చిన్న చెక్క పలకల మీద, ముందుగా ఎవరూ చెప్పకపోయినా బజారులో అమ్ముడుపోతాయన్న నమ్మకంతో వేసినవి. ఈ రెండింటినీ కలిపే తీగ ఒకటి మాత్రం ఉంది. ఫ్రాన్స్ హాల్స్ 1633లో మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఒక పౌరదళ చిత్రాన్ని 1637లో పూర్తిచేసినవాడు మన కొడ్డెయే.

ప్రశ్న: నాకు ఈ చిత్రాల మీద ఒక అభ్యంతరం ఉంది. సైనికులు పల్లెలను దోచుకున్నారు, రైతులను చంపారు, ఊళ్లు తగలబెట్టారు. అదంతా పక్కనబెట్టి, పట్టు పట్టీలు కట్టుకున్నవారు పొగతాగుతూ కూర్చున్నట్టు చూపడం యుద్ధానికి అందం పూయడం కాదా?

జవాబు: మీ అభ్యంతరం న్యాయమైనదే, దానికి సమాధానం ఒక్క మాటలో తేలేది కాదు. క్రూరత్వాన్ని సూటిగా చూపినవారు అదే కాలంలో ఉన్నారు. ఆంట్‌వెర్ప్‌లో సెబాస్టియాన్ వ్రాంక్స్ పల్లెల దోపిడీని, బాటసారుల బళ్ల మీద దాడులను పదేపదే వేశాడు. అప్పటికి ఫ్రాన్సులో భాగం కాని లొరేన్ రాజ్యపు నాన్సీ నగరానికి చెందిన జాక్ కలో, ఫ్రెంచి సేనలు తన దేశంలోకి చొరబడిన 1633లోనే యుద్ధపు కష్టాల మీద 18 రాగిరేకు ముద్రల వరుసను వెలువరించాడు. సైనికుల భర్తీతో అది మొదలవుతుంది. రైతు ఇంటి దోపిడీ, చర్చి దోపిడీ, పట్టుబడ్డ సైనికులకు శిక్షలు, ఒకే చెట్టుకు వేలాడే శవాలు వరుసగా వస్తాయి. ఆ తర్వాత ఆసుపత్రి ముందు కాళ్లుచేతులు పోయినవారు, దారి పక్కన చస్తున్నవారు, ఆపైన రైతులే సైనికుల మీద పగతీర్చుకోవడం. అరచేతి వెడల్పును ఎంతో మించని రేకు మీద కలో చెప్పినంత కఠినంగా ఆ యుగంలో మరెవరూ చెప్పలేదు.

అయితే కాపలా గది చిత్రకారులు దీనిని పూర్తిగా తప్పించుకున్నారని కూడా అనలేము. లండన్ జాతీయ చిత్రశాలలో డౌస్టర్ వేసిన చిత్రం ఒకటి ఉంది. ఒక కొట్టంలో సైనికులు కొల్లసొమ్ము కోసం తమలో తాము కొట్టుకుంటున్నారు. దోపిడీ జరిగిన ఇల్లు కనిపించదు, పోగొట్టుకున్నవారూ కనిపించరు. వారి వస్తువులు మాత్రం ఉన్నాయి. డుక్ చిత్రాల్లో కొన్నిటిలో మంచి దుస్తుల్లో ఉన్న బందీలు, మోకరిల్లి వేడుకునే స్త్రీలు, వారి ఎదుట నిర్లక్ష్యంగా నిలబడిన అధికారి కనిపిస్తారు. పక్కన తెరిచిన పెట్టెలు, వెండి పాత్రలు ఉంటాయి. కాబట్టి ఈ గదుల్లో మెరిసే ప్రతి వస్తువునూ చూసి ఇది ఇక్కడికి ఎలా వచ్చిందని అడగాలి. సైనికుడి జీతంతో కొనగలిగినది కాకపోతే, అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో చిత్రకారుడు మనల్ని ఊహించమంటున్నాడు.

దక్షిణాన, స్పెయిన్ పాలనలో ఉన్న ఆంట్‌వెర్ప్‌లో డేవిడ్ టెనియర్స్ మరొక మార్గం తొక్కాడు. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న అతడి కాపలా గదిలో ముందుభాగమంతా పాచికలాడే సైనికులు. దూరంగా వెనుక గదిలో, చాలా చిన్నగా, దేవదూత వచ్చి ఏసు శిష్యుడు సెయింట్ పీటర్‌ను చెర నుంచి విడిపిస్తున్నాడు. కాపలా కాయవలసినవారిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. అద్భుతం జరుగుతున్న చోట కూడా మనుషుల చూపు ఎదుటి పాచికల మీదే ఉంటుందన్నది అతడు చెప్పదలచినదని నేను అనుకుంటాను.

ఇంతచేసినా, ఆకలి, అంటురోగం, జీతం అందని నెలలు ఈ చిత్రాల్లో దాదాపు లేవు. డౌస్టర్ తానే 1635లో ప్లేగు వచ్చి 40 ఏళ్లైనా నిండకుండా చనిపోయాడు. కాపలా గదిని కలో ముద్రల పక్కన పెట్టి చూడండి, రెండూ కలిస్తేనే ఆ కాలం మనకు తెలుస్తుంది.

ప్రశ్న: ఈ చిత్రకారుల జీవితాలకు సైన్యంతో సంబంధం ఉండేదా?

జవాబు: డౌస్టర్, కిక్ ఇద్దరూ ఆమ్‌స్టర్‌డామ్ నగరవాసులు, 1631లో ఒకరి చెల్లెలిని మరొకరు పెళ్లాడి ఒకే ఇంట్లో కాపురం పెట్టారు. ఆ ఇంటి పేరు ‘చీకటి లోకం’ అని. డౌస్టర్ ఇంటిపేరు దాని నుంచే వచ్చింది. వారు సైనికులను బయటనుంచి చూసినవారు. వ్రాంక్స్ మాత్రం ఆంట్‌వెర్ప్ పౌరదళంలో స్వయంగా పనిచేశాడు.

ప్రశ్న: 1648లో శాంతి కుదిరాక ఈ చిత్రాలు ఆగిపోయాయా? ఈ కోవలో నెమ్మదిగా చూడదగిన చిత్రం ఒకటి చెప్పండి.

జవాబు: ఆగిపోలేదు, మారాయి. ఎనభై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన మున్స్టర్ సంధి ప్రమాణాన్ని స్వయంగా చూసి చిత్రించిన గెరార్డ్ టెర్ బోర్ఖ్, ఆ తర్వాత సైనికుడిని గుంపు నుంచి వేరుచేసి గదిలో కూర్చోబెట్టి చేతికి ఉత్తరం ఇచ్చాడు. హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో ఉన్న 1653 నాటి చిత్రంలో అధికారి దగ్గర ప్రియురాలు ఆనుకొని ఉండగా బాకావాడు లేఖ తెచ్చి నిలబడ్డాడు. పేకాట గుంపు పోయి, వెళ్లాలా ఉండాలా అన్న ఒక మనిషి సందిగ్ధం మిగిలింది. హార్లెంలో ఫిలిప్స్ వౌవర్మన్ దండు విడుదులను, సరుకులమ్మే గుడారాలను, తాను ఎంతో ఇష్టపడే తెల్ల గుర్రంతో సహా వేస్తూనే ఉన్నాడు.

మీరు అడిగిన ఒక్క చిత్రం కారెల్ ఫాబ్రీషియస్ 1654లో వేసిన కాపలావాడు. జర్మనీలోని ష్వెరిన్ మ్యూజియంలో ఉంది. పట్టపగలు, కోటద్వారం పక్కన బల్ల మీద ఒకే ఒక్క సైనికుడు, ఒడిలో తుపాకీతో తల వంచుకొని ఉన్నాడు. శిరస్త్రాణం నీడ కళ్లను కప్పేయడం వల్ల అతడు తుపాకీని సవరిస్తున్నాడా, కునుకు తీస్తున్నాడా అన్నది తేల్చడం కష్టం. ఎదురుగా కూర్చున్న నల్ల కుక్క మాత్రం మెలకువగా ఉంది. గుంపు, జూదం, కొల్లసొమ్ము ఏవీ లేవు. అంతకుముందు ముప్పై ఏళ్లుగా నిద్రపోయే సైనికుడిని చూసి తప్పుపట్టడం అలవాటైన ప్రేక్షకుడికి, ఇక్కడ తీర్పు చెప్పే వీలు లేకుండా చేశాడు ఫాబ్రీషియస్. అదే ఏడాది అక్టోబరు 12న డెల్ఫ్ట్‌లో నిల్వ ఉంచిన తుపాకీమందు పేలి నగరంలో పెద్ద భాగం నేలమట్టమైంది. ఆ ప్రమాదంలోనే 32 ఏళ్ల ఆ చిత్రకారుడు మరణించాడు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం, వాషింగ్టన్ జాతీయ చిత్రశాల తమ దగ్గరున్న ఇలాంటి చిత్రాల పెద్ద నకళ్లను ఉచితంగా అందుబాటులో ఉంచాయి. చూసేటప్పుడు మొదట మధ్యలోని మనుషులను వదిలి, గది వెనుక తలుపు ఎక్కడుందో, అందులోంచి ఎవరు వస్తున్నారో వెతకండి. ఆ తర్వాత నేల మీది వస్తువులను, చివరికి ముఖాలను చూడండి.